పెద్దల్లుడి నంబరు

ఒకే ఒక్క బొటనవేలితో, కుర్చీలోంచి లేవకుండా, రెండెకరాల రొయ్యల చెరువుకు ఊపిరాడకుండా చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే గుడివాడ దాటి మా అత్తగారి ఊరు వెళ్లి, "ఐఫోన్ అల్లుడుగారు ఎవరండీ?" అని అడగండి. ఊళ్లో ఎవరిని అడిగినా నా పేరు, నా ఉద్యోగం, ఆ రోజు నేను వేసుకున్న ప్యాంటు రంగుతో సహా చెబుతారు. వాళ్ల నోట వినేకన్నా నా నోట వినడమే నాకు కాస్త గౌరవం కాబట్టి ఇది రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందటి మాట. నాకు కొత్తగా పెళ్లయింది, కొత్త మోడల్ ఐఫోనూ వచ్చింది. రెండింటిలో దేన్ని ఎక్కువ అపురూపంగా చూసుకున్నానో మా ఆవిడ మాధవిని మాత్రం అడగవద్దని మనవి. నేను గవర్నర్‌పేటలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ముప్పావుగంట ఆగకుండా మాట్లాడటం నా వృత్తి. ఆ రోజుల్లో బెల్లు కొట్టాక కూడా ఆపేవాణ్ని కాదు. స్టాఫ్ రూములో, సిటీ బస్సులో, టిఫిన్ సెంటర్లో రెండోసారి చట్నీ కోసం నిలబడ్డప్పుడు, పక్కన ఎవరుంటే వాళ్ల చేతిలోకి తొంగిచూసి, "మీది ఆండ్రాయిడా? అయ్యో" అనేవాణ్ని. ఎవరికో ఒంట్లో బాగాలేదని విన్నప్పుడు అనే "అయ్యో" అది.

నిజం చెప్పొద్దూ, ఆ ఫోనంటే నాకు భక్తి. పాత ఐఫోన్ పక్కన కొత్తది పెట్టగానే తెరమీద నీలిరంగు మబ్బుతునక లాంటిది ఒకటి తిరిగింది. దాన్ని ఇది చూసింది, దీన్ని అది గుర్తుపట్టింది. కాసేపటికి నా ఫొటోలు, నంబర్లు, సగం చదివి వదిలేసిన పేజీతో సహా అన్నీ ఇవతలికి వచ్చి వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. పెళ్లయ్యాక రెండిళ్లు మారినవాణ్ని నేను. ఇల్లు మారితే స్టీలు గిన్నెల మూతలు దొరకడానికే మాకు నెల పట్టింది. అలాంటిది ఇదేమిటి, ఇంత పొందికగా, చప్పుడు లేకుండా! నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. మాధవి పొయ్యిమీద పాలు పొంగిపోతున్నాయని మూడుసార్లు పిలిచిందట, నాకు వినిపించలేదు.

ఆ అద్భుతం చూశాక పాత ఐఫోన్ను ఊరికే బీరువాలో పడేయబుద్ధి కాలేదు. మా మావయ్యగారి ఫోన్ గుర్తొచ్చింది. ఆయనది ఆరేళ్లనాటి ఆండ్రాయిడ్. తెర మూలన పగులు, వెనక మూత ఊడకుండా రబ్బరు బ్యాండు. మా వైపు అత్తారిళ్లలో ఎప్పుడూ మామగారు ఇవ్వడం, అల్లుడు మొహమాటపడుతూ పుచ్చుకోవడమే కదా, ఈసారి నేనిస్తే ఆయన ఎంత పొంగిపోతారో అనుకున్నాను.

"నాన్నగారికి అవసరమా అండీ? ఆయనకి ఆ ఫోన్ అలవాటైపోయింది" అంది మాధవి.

"ఎడ్లబండి కూడా అలవాటే. బస్సొచ్చాక ఎక్కలేదా?" అన్నాను. ఇలాంటి మాటలు ఆ రోజుల్లో నాకు తడుముకోకుండా వచ్చేవి.

ఒక ఆదివారం పొద్దున్నే అత్తగారింట్లో దిగాం. పెసరట్లు తింటుండగానే మా బావమరిది సురేష్‌తో వాదన మొదలైంది. సురేష్ ఆండ్రాయిడ్ పార్టీ. మర్యాద తప్పకుండానే పొడుస్తాడు.

"బావగారూ, మీదాంట్లో ఏదైనా యాప్ కావాలంటే ఒక్క కొట్టుకే వెళ్లాలంట కదండీ? వాళ్లు పెడితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు."

"ఆ కొట్టువాడు ప్రతి సరుకూ వాసన చూసి, వేలితో నొక్కి, బాగుంటేనే లోపల పెట్టుకుంటాడు సురేష్. మీది సంత. ఎవరైనా వచ్చి గోనెపట్టా పరిచి కూర్చోవచ్చు."

"సంతలోనే అన్నీ దొరుకుతాయండీ. మా ఫ్రెండ్ ఒకడు ధాన్యంలో తేమ చూసే యాప్ సొంతంగా చేసి ఫోన్లోకి పంపాడు. పెట్టేసుకున్నా. మీ కొట్టువాడు రానిస్తాడా?"

"రానివ్వడు. అందుకే నా ఫోన్‌కి జలుబు కూడా చెయ్యదు."

"పోనీ, వెనక్కెళ్లే మీటేది?"

"ముందుకు వెళ్లేవాళ్లకి అది అక్కర్లేదు."

మాధవి నా ప్లేటులో ఇంకో పెసరట్టు పడేసింది, నోరు ఖాళీగా ఉండకూడదని. సురేష్ మాత్రం ఆఖరి అస్త్రం తీశాడు. "నాన్నగారి ఫోన్‌కి నేను మన రైసుమిల్లు సైరన్ రికార్డు చేసి పెట్టానండీ. ముఖ్యమైన ఫోనొస్తే అదే మోగుద్ది. పొలంలో ఉన్నా, గోదాంలో ఉన్నా వినపడాల్సిందే. మీదాంట్లో అంత తేలిగ్గా పెట్టగలరా?"

"సభ్యత ఉన్న ఫోన్ అలా అరవదు" అన్నాను.

ముఖ్యమైన ఫోన్ ఏమిటని అడగాలని నాకు తోచలేదు. గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మావయ్యగారు మా ఇద్దరివైపూ మార్చి మార్చి చూస్తూ నవ్వుతున్నారు. ఆయనకు నేను ఫోన్ అందించగానే రెండు చేతులూ పంచెకు తుడుచుకుని, ప్రసాదం అందుకున్నట్టు అందుకున్నారు.

"ఎందుకండీ అల్లుడుగారూ, ఇంత ఖరీదైంది? నాకు దీంతో పనైపోతుందిగా."

"మీరు కాదనకూడదు మావయ్యగారూ."

అంతే. మా వైపు కొత్తల్లుడు నోరు తెరిచి ఒకమాట అన్నాక దానికి అప్పీలు లేదు. ఆ సంవత్సరం నేను ఆ ఇంట్లో సూర్యుడు పడమట ఉదయిస్తాడని చెప్పినా, "అలాగేనండీ, కుర్చీ అటు వేయించమంటారా?" అని ఉండేవారు. ఆయన మారు మాట్లాడకుండా తన పాత ఫోను, రబ్బరు బ్యాండుతో సహా, నా చేతిలో పెట్టారు. "మోటార్ల దగ్గర్నుంచి ఫోన్లొస్తాయండీ... అవి..." అని ఏదో అనబోయారు. "అన్నీ వస్తాయండీ, నంబరు మారదు కదా" అని నేను అడ్డం వచ్చాను. ఆయన తలూపారు.

వరండాలో కూర్చుని పని మొదలుపెట్టాను. సిమ్ మార్చాను. నంబర్లన్నీ కొత్తదాంట్లోకి తెచ్చాను. వచ్చాయని చూసుకుని పాత ఫోన్‌ను శుభ్రంగా తుడిచేశాను, పుట్టిన రోజున ఎలా ఉందో అలా. తర్వాత కొత్తదాంట్లో నంబర్ల జాబితా సర్దుదామని కూర్చున్నాను. రెండుసార్లు ఉన్నవి ఒకటి చేస్తూ, పేర్లు దిద్దుతూ వస్తున్నాను. 'ప' దగ్గర నా వేలు ఆగిపోయింది.

'పెద్దల్లుడుగారు' అని ఉంది.

నన్నే అనుకుని మురిసిపోతూ నంబరు చూశాను. నాది కాదు. చివర మూడు ఏడులు. మా మావయ్యగారికి ఒక్కతే కూతురు. ఒక్కడే అల్లుడు. ఆ ఒక్కడూ నేనే, ఇక్కడే కూర్చుని ఉన్నాను. మరి ఈ పెద్దల్లుడెవరు? పైగా పేరు పక్కన నక్షత్రం గుర్తు ఒకటి, దగ్గరవాళ్లకు పెట్టేది. నా పేరు వెతికాను. 'మాధవి భర్త' అని ఉంది. నక్షత్రం లేదు.

నాకు ముందు మాధవికి ఎవరితోనైనా సంబంధం ఖాయమై తప్పిపోయిందా? తప్పిపోయినా ఆయన మీద వీళ్లకు ఇంకా గౌరవం పోలేదా? పాఠకులారా, మీరైతే లేచి వెళ్లి, "మావయ్యగారూ, ఈయనెవరండీ?" అని అడిగి ఉండేవారు. కొత్తల్లుడు అడగలేడు. అడిగితే, "అబ్బే, ఏం లేదండీ" అని వాళ్లు తడబడతారు, మాధవి కళ్లు దించుకుంటుంది, అత్తయ్యగారు కాఫీ కలపడానికి లోపలికి వెళ్లిపోతారు. ఆ దృశ్యమంతా నా కళ్లముందు జరిగిపోయింది. అందుకే చాలా ఉదారంగా, ఎవర్నీ నొప్పించకుండా, ఆ పేరు మీద వేలు పెట్టాను. "తొలగించాలా?" అని ఫోన్ ఎంతో మర్యాదగా అడిగింది. తొలగించమన్నాను.

అక్కడితో ఆపినా బాగుండేది. కానీ ఆ మనిషి మళ్లీ ఫోన్ చేస్తే? దానికీ ఉంది నా ఫోన్లో మందు. పేరు తెలియని నంబర్ల నుంచి వచ్చే కాల్స్ మోగకుండా చేసే మీట ఒకటుంది. మావయ్యగారిని ప్లాటు కొనమనీ లోను తీసుకోమనీ రోజంతా ఎవరో ఒకరు వేధిస్తుంటారు కాబట్టి, ఆయన మేలు కోరే ఆ మీట నొక్కాను. అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను.

"నంబర్లన్నీ వచ్చేశాయా బావగారూ?" అనడిగాడు సురేష్.

"అన్నీ" అన్నాను, రాజకీయ నాయకుడంత నిబ్బరంగా.

మధ్యాహ్నం దాకా మహా ప్రశాంతంగా గడిచింది. బయట మబ్బు పట్టింది. ఆకు కదలడం లేదు. చెరువు దగ్గరుండే మనిషి బంధువుల పెళ్లికి వెళ్లాడనీ, వల వేసి రొయ్యలు పట్టే పట్టుబడికి ఇంకో పది రోజులే ఉందనీ, ఈ పంట చేతికొస్తేనే సురేష్ పెళ్లి మాటలు కదిలేదనీ మావయ్యగారు మాటల్లో చెప్పారు. రోజూ ఈ వేళకు ఆయన గట్టుమీదే ఉంటారట. అల్లుడు ఇంట్లో ఉండగా వెళ్తే బాగుండదని ఆగిపోయారట. మధ్యమధ్యలో కొత్త ఫోన్ తీసి చూసుకుంటున్నారు.

"నచ్చిందా మావయ్యగారూ?"

"చాలా బాగుందండీ. చాలా నెమ్మదిగల ఫోన్. పొద్దున్నుంచీ నోరెత్తలేదు."

పన్నెండున్నరకు విస్తళ్లు వేశారు. అత్తయ్యగారు వడ్డిస్తుంటే నేను అన్నం కలుపుకుంటూ ఉపన్యాసం కొనసాగిస్తున్నాను. పైన ఫ్యాను హాయిగా తిరుగుతోంది. దోసకాయ పచ్చడి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను.

"పచ్చడి అమోఘంగా ఉందండీ అత్తయ్యగారూ!"

"రోట్లో నూరానండీ. కరెంటు లేదుగా, మిక్సీ తిరగలా. ఈ ఫ్యాను ఇన్వర్టరు మీద నడుస్తోంది."

మావయ్యగారి చేయి నోటికీ విస్తరికీ మధ్య ఆగిపోయింది. "కరెంటు ఎప్పుడు పోయింది?"

"గంట దాటిందనుకుంటా."

"గంటా! మరి పెద్దల్లుడు ఫోన్ చెయ్యలేదేంటి?"

ఆ పేరు వినగానే నేను తల వంచుకుని, కలిపిన అన్నాన్నే మళ్లీ కలిపాను. ఆయన ఎంగిలి చేత్తోనే ఫోన్ తీసి నాకిచ్చారు. "చూడండి బాబూ, ఏమన్నా ఫోన్లొచ్చాయేమో." చూశాను. ఇరవై మూడు. అన్నీ ఒకే నంబరు నుంచి. చివర మూడు ఏడులు. ఇరవై మూడుసార్లు ఆ మనిషి పిలిచాడు, ఇరవై మూడుసార్లూ నా ఫోన్ నేను చెప్పినట్టే నోరు మూసుకుని కూర్చుంది. ఒక్క పొరపాటు చేయలేదు.

"ఇరవై మూడండీ" అన్నాను.

"సురేషూ, బండి తియ్యరా! చెరువు!"

అంత వయసు మనిషి అంత వేగంగా లేవగలరని నాకు తెలియదు. సురేష్ బైకు మీద ముందు దూకాడు. మావయ్యగారు స్కూటర్ తీశారు. నేను చేయి కూడా కడుక్కోకుండా వెనక ఎక్కాను. కాలవగట్టు మీద గుంతల్లో ఎగిరెగిరి పడుతూ ఆయన అరుస్తూ చెప్పారు. చెరువులో ఏరియేటర్లు ఉంటాయి. నీళ్లను చిలికి గాలి కలిపే చక్రాలు. మబ్బురోజున అవి ఆగితే నీళ్లలో ప్రాణవాయువు అయిపోతుంది. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వెయ్యాలి. పోయిందని ఫోన్ చేసి చెప్పేది పెద్దల్లుడే.

"మావయ్యగారూ, ఆ నంబరు నేనే తీసేశానండీ!"

"ఏంటండీ?"

"నేనే తీసేశాను! మోగకుండా కూడా చేశాను!"

గాలికి వినపడలేదో, వినపడినా అల్లుణ్ని ఏమీ అనలేకో, ఆయన స్కూటర్ ఇంకొంచెం వేగంగా నడిపారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము అని సర్దిచెప్పుకోవడానికి కూడా మనసొప్పలేదు.

చెరువు నిశ్చలంగా ఉంది. చక్రాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. గట్టు వారగా నీళ్ల అంచుకి వెళ్లి చూశాను. ఎక్కడ చూసినా మీసాలు. రొయ్యలన్నీ అడుగునుంచి పైకొచ్చి, తలలు నీటి పైకి పెట్టి, గాలి కోసం వెతుకుతున్నాయి. అంత ప్రాణం అంత నిశ్శబ్దంగా కొట్టుకోవడం నేను ఎన్నడూ చూడలేదు.

సురేష్ జనరేటర్ హ్యాండిల్ తిప్పుతున్నాడు. ఒకసారి దగ్గి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మావయ్యగారు ఒక్క క్షణం ఆగలేదు. పంచె ఎగ్గట్టి నడుంలోతు నీళ్లలోకి దిగి, రెండు చేతులతో నీళ్లు చరచడం మొదలుపెట్టారు. నేనూ దూకాను, గంధం రంగు కొత్త ప్యాంటుతో సహా. ఫిజిక్సు లెక్కన మా నాలుగు చేతులు రెండెకరాల నీళ్లలో ఎంత గాలి కలుపుతాయో నాకు తెలుసు. అయినా నా జన్మలో ఏ పనీ అంత నమ్మకంగా చేయలేదు.

"బతకండి! బతకండమ్మా!" అని అరుస్తున్నాను.

దూకినప్పుడు మునిగినా, చొక్కా జేబులోని నా ఐఫోన్ చెక్కుచెదరలేదు. తననే పిలుస్తున్నాననుకుందేమో, అడిగినదానికి బదులిచ్చే దాని లోపలి గొంతు ఇంగ్లీషులో, "మీరన్నది నాకర్థం కాలేదు" అంది. ఆ పరిస్థితిలో కూడా, అబ్బ, ఎంత మన్నిక అనిపించింది. చూశారా నా భక్తి!

మూడోసారికి జనరేటర్ అందుకుంది. ముందు ఒక చక్రం కదిలింది, తర్వాత ఇంకోటి, ఆపైన వరసగా అన్నీ. తెల్లటి నీళ్లు మనిషెత్తు లేచి చెరువంతా ఒక్కసారి హోరెత్తింది. ఆ చక్రాలు తిరగడం చూస్తే దండం పెట్టాలనిపించింది. కాసేపటికి ఒక్కొక్క మీసమే నీళ్లలోకి జారిపోయింది. మావయ్యగారు మేత చూసే వల తట్టను అడుగునుంచి పైకి లాగారు. అందులో రొయ్యలు టపటపా ఎగిరాయి. ఆయన గట్టుమీద చతికిలబడి గట్టిగా ఊపిరి వదిలారు. గట్టు వారగా దోసెడు పోయాయి. మిగతా చెరువంతా దక్కింది.

అప్పుడు నేను చేతులు జోడించి జరిగిందంతా చెప్పాను. పేరు, నక్షత్రం, అసూయ, మీట, ఏదీ దాచలేదు. సురేష్ ముఖం అటు తిప్పుకున్నాడు. వాడి భుజాలు ఊగుతున్నాయి. మావయ్యగారు మాత్రం నవ్వలేదు. లేచి, నా చెయ్యి పట్టుకుని, జనరేటర్ షెడ్డు పక్కనున్న ఇనుప స్తంభం దగ్గరికి తీసుకెళ్లారు. దానికి బూడిదరంగు పెట్టె ఒకటి బిగించి ఉంది. పైన చిన్న ఏంటెనా. ముఖాన పసుపు, కుంకుమ బొట్టు.

"వీరేనండీ మా పెద్దల్లుడుగారు."

నేను పెట్టెను చూశాను.

"మీకన్నా రెండేళ్లు ముందొచ్చారు. లోపల ఒక సిమ్ముంటదంతే. కరెంటు పోతే ఫోను, వస్తే ఫోను, ఓల్టేజీ తగ్గితే అలక. ఏ వేళప్పుడు పిలిచినా చేతిలో పని ఒదిలేసి రావాలి. అల్లుడికి చేసే మర్యాదలన్నీ చేస్తున్నాం కదా అని మీ అత్తయ్యగారే ఆ పేరు పెట్టింది."

ఎండకు రంగు వెలిసిపోయిన ఆ పెట్టె ముందు నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. నీలిమబ్బు లేదు, మెరిసే అద్దం లేదు. ఒక సిమ్ము, నాలుగు తీగలు. ఎవరూ ఎత్తకపోయినా గంటసేపు ఇరవై మూడుసార్లు పిలిచింది. అవతల నా ఐఫోనూ తక్కువది కాదు, ఇచ్చిన మాట ఇరవై మూడుసార్లూ నిలబెట్టుకుంది. రబ్బరు బ్యాండు వేసుకున్న ఆ ఆండ్రాయిడ్ ఇన్నాళ్లూ మిల్లు సైరన్‌తో ఈ చెరువును కాపాడుకొచ్చింది. మూడూ గొప్పవే. వాటి మధ్యలో దూరిన నాలుగోవాడొక్కడే దండగ.

"పర్లేదండీ అల్లుడుగారూ, మీరు మంచికే చేశారు" అన్నారు మావయ్యగారు. తిట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు.

సాయంత్రానికి సురేష్ పాత ఫోన్‌ను మళ్లీ మనిషిని చేసి, సైరన్ తగిలించి మావయ్యగారికిచ్చాడు. ఐఫోన్ను అత్తయ్యగారు తీసుకున్నారు. ఇప్పుడు వాళ్లింట్లో రెండు పార్టీలూ ఒకే చార్జింగ్ ప్లగ్గు కోసం కొట్టుకుంటున్నాయి. పది రోజుల తర్వాత పట్టుబడి బాగా వచ్చింది, సురేష్ పెళ్లీ అయింది. ఆ పెళ్లిలో నన్ను అందరికీ పరిచయం చేసిందెలాగో మీరు ఊహించగలరు.

ఇక నా ప్రతిజ్ఞ. ఫిజిక్స్ లెక్చరరునైన నేను, కృష్ణా కాలవ నీళ్లు దోసిట పట్టి చెబుతున్నాను. ఇకపై ఎవరి చేతిలోని ఫోన్ చూసీ "అయ్యో" అనను. ఇతరుల ఫోన్లో ఉన్న ఏ పేరునూ, అది చూసి నా కడుపు ఎంత మండినా, వాళ్లను అడగకుండా ముట్టుకోను. ఫోన్ "తొలగించాలా?" అని అడిగితే, అడిగినందుకు దానికి కృతజ్ఞతలు చెప్పి, లేచి బయటికి వెళ్లిపోతాను.

ఆ సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు మావయ్యగారి పాత ఫోన్లో నా పేరు చూశాను. 'చిన్నల్లుడుగారు' అని మార్చారు. ఈసారి నక్షత్రం కూడా ఉంది. సురేష్ ఆ పెట్టెలో రెండో నంబరుగా నాది కూడా ఎక్కించాడు, మావయ్యగారు ఎత్తకపోతే నాకొస్తుంది. నేనూ నా ఐఫోన్లో దాని నంబరును భక్తిగా రాసుకున్నాను. ఇప్పటికీ క్లాసు మధ్యలో అప్పుడప్పుడు మోగుతుంది. తెరమీద 'తోడల్లుడుగారు' అని కనపడగానే, కూర్చుని ఉంటే లేచి నిలబడి మరీ మాట్లాడతాను. పెద్దవారు కదా.